గడియారాలు కలవకపోతే



ఆఫీసుకు పోయే రోజుల్లో రేడియో వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్ విని చేతిగడియారాలు సరిచేసుకునేవాళ్ళం. నిమిషం తేడా వస్తే హాజరుపట్టీలో ఎర్రగీత, అంతే.

ఉపగ్రహాల సంగతి అట్లా కాదు. అవి పంపిన సంకేతం ఎంతసేపట్లో అందిందో చూసి మనం ఎక్కడున్నామో సెల్‌ఫోను లెక్కగడుతుంది. పైనున్న గడియారం సెకనులో పదిలక్షలో వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. వనపర్తి బస్టాండు దగ్గర పడిపోయిన పెద్దమనిషిని అంబులెన్సు పక్క వీధిలో వెతకవచ్చు.

2013లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన మొదటి నావిగేషన్ ఉపగ్రహంలో మూడు అణుగడియారాలూ విదేశాల నుంచి తెచ్చినవే. మూడూ చెడిపోయాయి. ఉపగ్రహం తిరుగుతూనే ఉన్నా దారి చూపే పనికి రాకుండా పోయింది.

2023 మే 29న వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో అహ్మదాబాదులోని ఇస్రో కేంద్రంవాళ్ళు చేసిన రుబీడియం గడియారం పెట్టారు.