హమీదుల్లా గారి బాట, మన బిడ్డల చదువు
(గోదావరిఖని సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్ర మానుకొని వచ్చిన కార్మిక సోదరుల సమక్షంలో మనం ఈనాడు ఒక పండితుని స్మరించుకుంటున్నాం. ఆయన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాదులో జన్మించారు. జామియా నిజామియాలో ధార్మిక విద్యను, ఉస్మానియాలో న్యాయశాస్త్రాన్ని అభ్యసించారు. బాన్, సోర్బాన్ విశ్వవిద్యాలయాలలో డాక్టరేట్లు పొంది, ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1948 తరువాత పారిస్‌లో స్థిరపడ్డారు. 1959లో దివ్య ఖుర్‌ఆన్‌కు ఆయన ఫ్రెంచి అనువాదం వెలువడింది. 2002లో అమెరికాలో పరమపదించారు.

గనిలో మైనింగ్ సర్దారు పైకప్పును తట్టి, ఆ శబ్దం విన్న తరువాతనే మనుషులను ముందుకు పోనిస్తాడు. హమీదుల్లా గారు సంప్రదాయాన్ని అంత శ్రద్ధగానూ పరీక్షించారు. హదీసులు చాలా కాలం తరువాత గాని గ్రంథస్థం కాలేదని కొందరు పాశ్చాత్య పండితులు వాదించేవారు. ఆయన ఆ వాదానికి ఆధారాలతో బదులిచ్చారు. హజ్రత్ అబూహురైరా (ర) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సంకలనానికి బెర్లిన్, డమాస్కస్‌లలో ఉన్న వ్రాతప్రతులను పోల్చి చూసి, 1953లో ప్రచురించారు. అందులోని హదీసుల పాఠం తరువాతి కాలపు ఇమామ్ అహ్మద్ ముస్నద్‌తో సరిపోలింది.

మదీనా ఒడంబడికను ప్రపంచపు తొలి లిఖిత రాజ్యాంగంగా ఆయన వివరించారు. యూదులకు వారి ధర్మం, ముస్లింలకు తమ ధర్మం అని ఆ ఒడంబడిక అంగీకరించింది. దానిని చదివిన బిడ్డకు మన రాజ్యాంగంలోని 25, 30 అధికరణాలు పరాయివిగా తోచవు. తన హక్కును అడిగేటప్పుడు ఆ బిడ్డ తల వంచుకోడు.

కాని మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? ఒక బిడ్డ మదర్సాకు, మరొక బిడ్డ బడికి పోతున్నారు. ఒకరి పుస్తకం మరొకరు తెరవడం లేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలెందరో తెలుగులోనే చదవగలుగుతున్నారు. మినారుకు చందా ఇచ్చే మన చేతులు పుస్తకం దగ్గర వెనుకాడుతున్నాయి. ఈ తప్పు మనదే.

అందుచేత మన మసీదుల పక్కన ఒక్కొక్క గదిని గ్రంథాలయం చేద్దాం. తెలుగు, ఉర్దూ పుస్తకాలతో పాటు రాజ్యాంగ ప్రతిని కూడా అక్కడ ఉంచుదాం. మూడు షిఫ్టుల వారికీ అందేలా తెరిచి ఉంచుదాం. ఆడబిడ్డలకు అందులో సమాన స్థానమిద్దాం.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిని ఆచరించే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.