చేతితొడుగుది ఆఖరి వరస



రసాయనాల ప్రమాదం అనగానే ఏలూరు జిల్లా వాళ్ళకు 2022 ఏప్రిల్ 13 రాత్రి గుర్తుకొస్తుంది. ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో ఒక రసాయనాల కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. కర్మాగారం అంటే టన్నుల లెక్క గనుక భయపడతాం. పరిశోధనశాల అంటే మాత్రం గ్రాముల లెక్క, గాజు సీసాల లెక్క, పైగా చదువుకున్నవాళ్ళ వ్యవహారం. అక్కడ ఏం జరుగుతుందిలే అని మన ధీమా. ఇవాళ ఆ ధీమా గురించే నాలుగు మాటలు చెబుదామని.

ఎందుకంటే మన ఆడపిల్లలు ఇప్పుడు చేరుతున్నది అక్కడే. వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. 2015లో తాడేపల్లిగూడేనికి నిట్ వచ్చింది. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ వుండనే వుంది. పిల్లను హాస్టల్లో దింపేటప్పుడు భోజనం ఎలా వుంటుంది, గేటు ఎన్నింటికి వేస్తారు, స్నానానికి వేణ్ణీళ్ళు వుంటాయా అని ఎన్ని ఆరాలు తీస్తామో! “నువ్వు ఏ మందులతో పనిచేస్తావే? అవి ఒలికితే ఎవరు చూస్తారు?” అని అడిగిన తల్లిని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

అడగడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదండీ. పెరట్లో నుయ్యి వున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ శాస్త్రం సగం వచ్చేసినట్టే. నుయ్యి వుంది, ఇంట్లో పాకే పిల్లవాడున్నాడు. నుయ్యి అపాయకరమైనదే. కాని అందులో పడే ముప్పు ఎంత అన్నది వేరే ప్రశ్న. గట్టు వుందా లేదా, పిల్లవాడు ఎటు తిరుగుతున్నాడు, చూసే మనిషి వుందా అన్నదాన్నిబట్టి అది మారుతుంది. ల్యాబుల్లో కూడా పని మొదలుపెట్టే ముందు ఈ రెంటినీ విడదీసి కాగితం మీద రాయాలి. పొరపాటు జరిగే అవకాశమెంత? జరిగితే నష్టమెంత? అరుదుగా జరిగేదైనా ప్రాణం తీసేదైతే దాన్నే ముందు చూసుకోవాలి.

ఇక నివారణకు ఒక వరస వుంది. అన్నిటికన్నా మేలు, నుయ్యి పూడ్చెయ్యడం. కాకపోతే దాన్ని మూసి చేతిపంపు వెయ్యడం. అదీ కాకపోతే గట్టు కట్టడం. ఆ తర్వాత “అటు వెళ్ళకురా” అని చెప్పడం, కాపలా పెట్టడం. అన్నిటికన్నా చివరిది పిల్లవాడి నడుముకు బెండ్లు కట్టి దేవుడి మీద భారం వెయ్యడం. ల్యాబులో చేతితొడుగులు, కళ్ళద్దాలు ఈ బెండ్ల లాంటివి. అవి వుండి తీరాలి. కాని అవి ఒక్కటే వున్నాయంటే తక్కిన నాలుగూ ఎవరూ ఆలోచించలేదన్నమాట.

మన కొల్లేటి సంగతే చూడండి. చెరువు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయని కైకలూరు, ఆకివీడు వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ ప్రాణవాయువును కొలవడానికి వింక్లర్ అనే ఆయన 1888లో ఒక పద్ధతి చెప్పాడు. నీటి సీసాలో రెండు మందులు వేస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. దాన్ని కరిగించడానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పొయ్యాలి. ఊగే పడవలో కూర్చుని ఆ ఆమ్లం పొయ్యడం ఊహించుకోండి! దీనికి ముందుగా చెయ్యవలసింది మందమైన చేతితొడుగులు కొనడం కాదు. నీళ్ళలో ముంచితే అంకె చూపించే మీటర్లు వచ్చాయి, వాటితో కొలిస్తే ఆమ్లం జోలికే పోనక్కర్లేదు. పాత పద్ధతే కావాలంటే మొదటి రెండు మందులూ పడవలో వేసి, బిరడా బిగించి, ఆమ్లం పనిని ఒడ్డుకొచ్చాక ల్యాబు బల్ల మీద చేసుకోవచ్చు. ఆ ఒక్క ఏర్పాటుతో ముప్పు ఎంత తగ్గిపోయిందో చూశారా?

మార్చేటప్పుడు కూడా చూసి మార్చాలి. చేపల నమూనాలు నిలవుండటానికి ఫార్మలిన్‌లో వేస్తారు. అందులోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సరు కారకమని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. పోనీ ఆల్కహాలు వాడదామంటే దానికి నిప్పంటుకుంటుంది. ఒక భూతాన్ని పంపి ఇంకొకదాన్ని పిలిచినట్టు కాకుండా చూసుకోవాలి మరి.

చేతితొడుగుల మీద గుడ్డి నమ్మకం ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల ప్రొఫెసరు కేరెన్ వెటర్‌హాన్, విషలోహాల మీద పరిశోధనలో పేరున్న మనిషి. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు మందు కొన్ని చుక్కలు ఆమె తొడుగు మీద పడ్డాయి. రబ్బరు తొడుగు వేసుకునే వుంది, ఆ రోజుల్లో చెప్పిన జాగ్రత్తలు తీసుకునే వుంది. ఆ మందు అలాంటి తొడుగులోంచి క్షణాల్లో దిగిపోతుందని ఆ తర్వాత చేసిన పరీక్షల్లో గాని తెలియలేదు. నెలల తరబడి ఏమీ కనపడలేదు. 1997 జూన్‌లో చనిపోయింది. అంచేత “తొడుగు వేసుకో అమ్మా” అంటే చాలదు, “ఈ మందుకు ఏ తొడుగు?” అని అడగాలి.

ఇంకొక ఆడపిల్ల గురించి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయంలో 2008 డిసెంబరులో, గాలి తగిలితేనే మండే మందును సిరంజితో తీస్తుండగా సిరంజి ఊడిపోయింది. ఆ పిల్ల ఒంటిమీద ల్యాబు కోటు లేదు, సింథటిక్ స్వెట్టరు వుంది. పద్ధెనిమిది రోజులకు పోయింది, ఇరవై మూడేళ్ళకే. అక్కడ కోట్లు వేసుకోవడం లేదని రెండు నెలల ముందే తనిఖీలో రాశారట. రాసిన కాగితం ఎవరి బల్ల మీద వుండిపోయిందో! పొయ్యి దగ్గర నైలాను చీర వద్దని మన అమ్మమ్మలు మొత్తుకున్నది ఇందుకే.

ఏలూరు వాళ్ళకు ఇంకో సంగతి గుర్తుచేస్తాను. 2020 డిసెంబరులో ఊళ్ళో ఆరు వందల మందికి పైగా హఠాత్తుగా మూర్ఛలతో పడిపోయారు కదా. మన రక్తం, మన కుళాయి నీళ్ళు ఢిల్లీ ఎయిమ్స్‌కూ హైదరాబాదు సంస్థలకూ వెళ్ళాయి. ఎయిమ్స్ వారికి రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి. కాని ఆ గొట్టాల మూతలు తీసిన రోజున అది విషమో, అంటురోగమో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ప్రతి నమూనానూ అంటుకునేదిగానే భావించి, గాలిని లోపలికి లాగి వడగట్టే పెట్టెలో పెట్టి తెరవాలి. ఒకప్పుడు ల్యాబుల్లో ద్రవాలను గాజు గొట్టంతో నోటితో పీల్చి కొలిచేవారు. ఆ అలవాటు ఇప్పుడు నిషిద్ధం.

మీ అమ్మాయి ఈసారి సెలవులకు వచ్చినప్పుడు కబుర్ల మధ్యలో కదిపి చూడండి. కళ్ళు కడుక్కునే కుళాయి తన బల్లకు ఎన్ని అడుగుల్లో వుంది? కంట్లో మందు పడితే కనీసం పావుగంట ఆగకుండా కడగాలి, దారి వెతుక్కునే వ్యవధి వుండదు. రాత్రిపూట ఒక్కతే వుండి పనిచేస్తుందా? మందుల ఫ్రిజ్జులో టిఫిను డబ్బా పెడుతున్నారా? ప్రతి సీసా మీదా పేరుందా?

అన్నట్టు, ఆ తెల్లకోటు. పెట్టెలో కుక్కి ఇంటికి తెస్తారు పిల్లలు. మనం చంటిపిల్లల గుడ్డలతో కలిపి ఒకే బకెట్టులో నానబెడతాం. దాని మీద ఏమేం చిందాయో మనకు తెలియదు. కోట్లు అక్కడే ఉతికించే ఏర్పాటు వుందో లేదో అడగండి. లేకపోతే పెట్టమని పేరంట్స్ మీటింగులో గట్టిగా చెప్పండి.