చిలగడదుంప కారపు కూర, మజ్జిగ పులుసు

(సంక్రాంతికి ముందు పాల సంఘాల మహిళా సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ వంటను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. అరిసెల పాకం ఎప్పుడు దించాలో, పొంగలికి పాలు ఎంత పోయాలో ఇక్కడున్న పెద్దవాళ్ళకు నేను చెప్పబోతే నవ్వుతారు. అందుచేత ఆ జోలికి పోకుండా, పండుగ వారంలో బుట్టలకొద్దీ సంతకు వచ్చే చిలగడదుంపను తీసుకున్నాను. అదీ తియ్యగా వండుకోవడం కాదు. ఉప్పూ కారమూ పులుపూ పట్టించి, అన్నంలోకి కూరగా ఎలా చేసుకోవాలో చెబుతాను.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. కోస్తా వారికి ఇది చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ. తెలంగాణలో ఒకచోట మొరంగడ్డ అంటారు, మరొకచోట రత్నపురి గడ్డ అంటారు, ఇంకొకచోట కందగడ్డ అంటారు. కోస్తా నుంచి వచ్చినవారు కందగడ్డ అనగానే దురదపుట్టించే కంద అనుకోవద్దు. రెండూ వేరు. ఇది తూటికూర కుటుంబానికి చెందిన తీగ. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. మన ఇంటికి ఎంతగా అలవాటు పడిందంటే, శివరాత్రి ఉపవాసం నాడు ఇది లేకపోతే కొన్ని ఇళ్ళలో పండుగ జరిగినట్టే అనుకోరు.

సంక్రాంతి విస్తరి చూడండి. అరిసె, పొంగలి, బూరెలో బొబ్బట్లో, ఆపైన పాయసం. అన్నీ తీపే. ఆ పక్కనే బెల్లం వేసి ఉడికించిన చిలగడదుంప కూడా పెడితే పిల్లలు సగం కొరికి వదిలేస్తారు. దప్పళంలో రెండు ముక్కలు వేస్తాం గాని, దానితో పెద్దగా ఖర్చు కాదు. మిగిలింది పొయ్యి నిప్పుల్లో కాల్చుకొని తినడమే. కారపు కూరగా వండితే మాత్రం ఆ తీపి దుంపే తీపి వంటకాలకు విరుగుడుగా పనిచేస్తుంది. అయితే ఆ తీపిని అదుపులో పెట్టడం తెలియాలి. చాలామంది "ఎంత కారం వేసినా తియ్యగానే ఉంటుందమ్మా" అనడానికి కారణం మసాలాలో లేదు, ఉడికించే పద్ధతిలో ఉంది.

దుంపలో ఉన్న పిండిని చక్కెరగా మార్చే ఎంజైము ఒకటి దుంపలోనే ఉంటుంది. సుమారు 60 డిగ్రీల నుంచి 75 డిగ్రీల వేడి వరకు అది చురుకుగా పనిచేస్తుంది. అంటే నీళ్ళు వేలు పెట్టలేనంత కాగిన దగ్గరనుంచి, కుతకుత మరగడానికి కొంచెం ముందు వరకు. దుంపలను చన్నీళ్ళలో వేసి సన్న సెగన పెడితే, లేదా నివురు నిప్పులో చాలాసేపు ఉంచితే, ఆ ఎంజైముకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. కాల్చిన దుంప తేనెలా ఉండడానికి కారణం ఇదే. మనకు కూర కావాలి గనుక ఆ వ్యవధి ఇవ్వకూడదు. ముక్కలు చిన్నవిగా కోసి, బాగా మరిగే నీళ్ళలో ఒక్కసారిగా వేయాలి.

దుంప ఎంపిక కూడా చూసుకోవాలి. కొత్తగా తవ్వినది తక్కువ తియ్యగా, కొన్ని వారాలు నిలవ ఉన్నది ఎక్కువ తియ్యగా ఉంటుంది. కూరకు కొత్తదే మేలు. మరీ లావువి వద్దు. మణికట్టు లావున, నిటారుగా, గాట్లు లేకుండా ఉన్నవి ఏరుకోండి. పచ్చి దుంపలను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. లోపలి భాగం గట్టిపడి ఎంత ఉడికించినా మెత్తబడదు. గాలి ఆడే మూల ఒక గోనె మీద పరిస్తే చాలు. నల్ల మచ్చలు పడినవి, చేదు వాసన వేసేవి వేరుగా పెట్టండి. వాటి సంగతి ఆఖరున చెబుతాను. అది మన పశువుల ప్రాణానికి సంబంధించిన విషయం.

ఇక వంట. పదిమంది భోజనానికి ఒకటిన్నర కిలో దుంపలు తీసుకోండి. మట్టి పోయేలా రుద్ది కడిగి, చెక్కు తీసి, అంగుళం ముక్కలు కోసి, కోసినవి కోసినట్టే ఉప్పు నీళ్ళలో వేయండి. లేకపోతే నల్లబడతాయి. కోసేటప్పుడు వచ్చే పాలు చేతికి జిగురుగా అంటుతాయి, కొంచెం నూనె రాసుకుంటే సరి. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, ఉప్పు, పసుపు, నిమ్మకాయంత చింతపండు పిండిన రసం వేయండి. చింతపండు ఇప్పుడే ఎందుకని అడుగుతారు. పులుపు నీటిలో ఉడికిన ముక్క బిరుసుగా నిలుస్తుంది, చిదిమిపోదు. వంటశాలలో పదిమంది తిరిగే పండుగనాడు, పొయ్యి దగ్గర ఒక నిమిషం ఆలస్యమైనా కూర ముద్ద కాకుండా ఇది కాపాడుతుంది. ఏడెనిమిది నిమిషాలు చాలు. చాకు మొన దిగాలి, కాని కొంచెం అడ్డు తగలాలి. వెంటనే వార్చేయండి. ఆ వార్చిన నీళ్ళు దప్పళంలో పోసుకోండి, పారబోయవద్దు. ముక్కల్లో మూడోవంతు పక్కకు తీసి ఉంచండి. అవి రెండో వంటకానికి.

ఈలోగా రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కొంచెం ఉప్పు తడిపి మెత్తగా నూరి ఉంచుకోవాలి. వేరుగా రెండు చెంచాల ధనియాలు, చెంచా మినపప్పు, చెంచా శనగపప్పు, నాలుగు ఎండుమిరపకాయలు దోరగా వేయించి పొడి కొట్టుకోవాలి. ఇనప మూకుడులో మూడు గరిటెల నెయ్యి కాచి, శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఇంగువ, అల్లం తురుము, చీల్చిన పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు వేయండి. పోపు వేగగానే ముక్కలు వేసి పరవండి. పరిచాక కలియబెట్టకుండా కాసేపు వదిలేయాలి. అడుగు ఎర్రబడినప్పుడే తిరగేయాలి. మాటిమాటికి గరిటె పెట్టేవారి చేతిలో ఈ కూర బాగుపడదు. రెండు వైపులా ఎర్రబడ్డాక పొడి చల్లి, మూకుడు దించి, అప్పుడు ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కలిపాక పావుగంట మూత పెట్టి ఉంచితే ఆవ ఊరి ముక్కకు పడుతుంది. ఉల్లి వెల్లుల్లి లేవు గనుక నైవేద్యానికి కూడా పనికివస్తుంది.

మూడు గరిటెల నెయ్యి అనగానే వెనుక వరుసలో ఎవరో నవ్వారు. నవ్వవలసిందే. పాడి ఉన్న ఇంట్లో పండుగనాడు నెయ్యి కొనుక్కొచ్చే పరిస్థితి మన గ్రామాల్లో ఉంది. పొద్దున కేంద్రం తెరవగానే ఉన్నదంతా క్యానులో పోసి, మధ్యాహ్నం పిల్లవాడికి మజ్జిగ లేదని చెప్పే ఇళ్ళు నేను చూశాను. సంఘానికి పాలు పోయవద్దని సంఘం సమావేశంలో నిలబడి చెప్పడం లేదు. కాని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు గాని పెరుగు గాని కావాలి. ఐదుగురున్న ఇంటికి అది లీటరున్నర. అంత ఉంచుకోలేకపోతే సగమైనా ఉంచండి. పండుగ మూడు రోజులూ మాత్రం పూర్తిగా ఉంచండి. ఈ లెక్క ఇంటి మగవారి దగ్గర మీరే ఎత్తాలి.

రెండు లీటర్ల బర్రె పాలు తోడు పెట్టారనుకోండి. చిలికితే వచ్చే వెన్న కాచగా నూరు గ్రాములకు కొంచెం అటూ ఇటూగా నెయ్యి తేలుతుంది. కూరకు అది చాలు. మిగిలిన చల్ల రెండో వంటకానికి. వెన్న తీసిన చల్లలో ఏముంది అని కొందరు చిన్నచూపు చూస్తారు. పోయింది వెన్న, దానితోపాటు విటమిన్ 'ఎ'. మాంసకృత్తులు, సున్నం చాలావరకు చల్లలోనే ఉంటాయి. చిలగడదుంపలో లేనివి సరిగ్గా అవే. అందులో నూటికి సుమారు డెబ్బై పాళ్ళు నీరు, మిగిలినదాంట్లో అధికభాగం పిండిపదార్థం, మాంసకృత్తులు నామమాత్రం. అలాంటి దుంపకు చల్ల తోడైతే భోజనం నిండుగా ఉంటుంది. ఒక్క మాట. పుష్యమాసపు చలికి పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది. పులుపు కావాలి గనుక ఒకరోజు ముందుగానే తోడుపెట్టి, పొయ్యి పక్కన గోనెపట్టా చుట్టి ఉంచండి.

మజ్జిగ పులుసుకు రెండు చెంచాల శనగపప్పు, చెంచా బియ్యం, చెంచా ధనియాలు గంటసేపు నానబెట్టి, అల్లం, నాలుగు పచ్చిమిరపకాయలు, చారెడు కొబ్బరి వేసి నూరండి. లీటరు పుల్లటి చల్లలో ఆ ముద్ద, పసుపు కలిపి ఉండలు లేకుండా చిలకండి. పక్కకు తీసిన ముక్కలు వేసి సన్నసెగన పెట్టి, అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఇక్కడ సెగ సన్నగా ఉన్నా ఫరవాలేదు, ముక్క ముందే ఉడికింది. చల్ల ఎందుకు విరుగుతుందో మీకు తెలియనిది కాదు. శనగపప్పు, బియ్యం పిండి పాలలోని మాంసకృత్తులు ముద్దకట్టకుండా ఆపుతాయి. అవి వేశాం గదా అని తెర్లించకూడదు. అంచున నురుగు లేచి పొంగబోయే సమయానికి దించి, ఉప్పు అప్పుడు వేసి, మెంతులు, ఇంగువతో పోపు పెట్టాలి. కనుమనాటి గారెలు ఇందులో రెండు నానేసి చూడండి.

మధుమేహం ఉన్నవారు ఈ కూర తినవచ్చునా అని పొద్దున ఒక అక్కయ్య అడిగారు. ఇది కూరే అయినా పిండిపదార్థం కిందే లెక్క. కూర వేసుకున్నంత మేర అన్నం తగ్గించుకోవాలి.

ఇంకొకటి. ఎర్రటి తొక్క ఉన్న దుంప మంచిదని చాలామంది నమ్మకం. తొక్క ఎర్రన అయినంత మాత్రాన లోపల రంగు ఉన్నట్టు కాదు. మన సంతల్లో దొరికేవాటిలో ఎక్కువవాటికి లోపల తెలుపే. లోపల నారింజరంగు ఉన్న దుంపలో బీటా కెరొటిన్ ఉంటుంది. శరీరం దాన్ని విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. పిల్లల్లో రేచీకటి రాకుండా కాపాడేది అదే. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన 'భూ సోన' అనే రకంలో నూరు గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాముల కెరొటిన్ ఉంది. ఆఫ్రికా దేశాల్లో ఇటువంటి దుంపను ఇంటింటికీ చేర్చిన శాస్త్రజ్ఞులకు 2016లో ప్రపంచ ఆహార బహుమతిలో భాగం ఇచ్చారు. అయితే కెరొటిన్ ఒంటికి పట్టాలంటే దానితోపాటు కొవ్వు ఉండాలి. ఇందాక నవ్విన మూడు గరిటెల నెయ్యి ఇక్కడ మళ్ళీ వస్తుంది. బర్రె నెయ్యి తెల్లగా ఉందని, అందులో విటమిన్ లేదని కూడా అనుకోవద్దు. బర్రె మేతలోని కెరొటిన్‌ను తన ఒంట్లోనే విటమిన్‌గా మార్చి పాలలోకి ఇస్తుంది గనుక రంగు కనబడదు, అంతే. ఈ పంట తీగ ముక్కలతో నాటేది కాబట్టి, ఊళ్ళో ఒకరు నారింజ రకం తెచ్చి పెంచితే మరుసటి ఏటికి తీగ అందరికీ సరిపోతుంది.

ఇప్పుడు పక్కన పెట్టిన చెడు దుంపల దగ్గరకు వద్దాం. పండుగ హడావుడిలో చెక్కులు, మచ్చ ముక్కలు, కుళ్ళినవి అన్నీ కలిపి కుడితి తొట్టిలో వేయడం మనకు అలవాటు. మంచి దుంప తీసిన చెక్కులు వేయవచ్చు. పచ్చి తీగ కూడా పాడిపశువుకు మంచి మేతే. ఒక్కసారిగా గంపెడు వేయకుండా ఎండుగడ్డితో కలిపి వేయండి. దుంపలు వేసేటట్టయితే ముక్కలు చేసి, తక్కువగా వేయాలి. మొత్తం దుంప గొంతులో అడ్డుపడుతుంది, ఎక్కువైతే పొట్ట పులిసి పశువు మేత మానేస్తుంది.

బూజు పట్టిన, నల్లగా కుళ్ళిన దుంపను మాత్రం ఒక్క ముక్క కూడా వేయకూడదు. కొన్ని రకాల బూజు సోకినప్పుడు దుంపలో ఒక విషం పుడుతుంది. అది పశువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. తిన్న ఒకటి రెండు రోజుల్లో పశువు మెడ చాచి, నోరు తెరిచి, ఎగపోస్తూ రొప్పుతుంది, నోట నురుగు కడుతుంది. దీనికి విరుగుడు మందంటూ లేదు. ఆ గుర్తులు కనబడితే అటూ ఇటూ తోలకుండా నీడన కట్టి, వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి, ఏం తిన్నదో చెప్పాలి. ఉడకబెట్టి పెడితే దోషం పోతుందని కొందరంటారు. పోదు, ఆ విషం వేడికి చావదు. మనుషులకు కూడా అంతే, చేదెక్కిన దుంపను ఎంత కారం వేసినా వండవద్దు. పెంట మీద వేస్తే కట్టు తెంచుకున్న దూడ వెళ్ళి తింటుంది. పండుగ మూడు రోజులూ వంటింటి గుమ్మం దగ్గర ఒక పాత బుట్ట పెట్టి, చెడినవన్నీ అందులోనే వేసి, చీకటి పడకముందే మోకాటి లోతు గొయ్యి తీసి పూడ్పించండి.