తాతగారి బాయ్‌నెట్: గుర్తుపట్టడం, విలువ కట్టడం

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆర్డ్‌నెన్స్ డిపోలో పనిచేసి రిటైరయ్యానని తెలిసిన దగ్గర్నుంచి మనవాళ్లు ఫొటోలు పంపిస్తున్నారు. "తాతగారి ట్రంకు పెట్టెలో దొరికింది, ఏం కత్తిరా ఇది? ఎంత చేస్తుంది?" అని. వాటిలో చాలావరకు ఒకే జాతివి. అందుకే అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

అది కత్తి కాదు, బాయ్‌నెట్. లీ-ఎన్‌ఫీల్డ్ 303 రైఫిల్ కొసన బిగించేది. పిడి దగ్గరి అడ్డుపట్టీకి గుండ్రటి కన్నం, పిడి చివర నొక్కే మీట ఉన్నాయంటే అనుమానం అక్కర్లేదు. జపాన్ వాళ్ల అరిసాకా బాయ్‌నెట్ చూసి ఇంగ్లీషువాళ్లు 1907లో ఈ నమూనా ఖాయం చేశారు. అలుగు పొడవు 17 అంగుళాలు.

పిడికి ఆనుకుని చదునుగా ఉండే చోట అచ్చులుంటాయి. అక్కడ 1907 కనబడగానే ఆ ఏడాది తయారైందని సంబరపడకండి. అది నమూనా పేరు. తయారైన నెల, సంవత్సరం విడిగా, చిన్నగా ఉంటాయి. 1, పక్కన 17 ఉంటే 1917 జనవరి అన్నమాట. కిరీటం కింద ఇ.ఆర్. అంటే ఎడ్వర్డు రాజు, జి.ఆర్. అంటే జార్జి. తయారీదారు పేరూ అక్కడే: విల్కిన్సన్, శాండర్సన్, చాప్‌మన్... ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటే మనదే, కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు. రెండోవైపు బాణం గుర్తు సర్కారు ఆస్తి అని, ఇంటూ గుర్తు వంచి పరీక్షించారని.

రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలో దీన్ని 12 అంగుళాలకు కుదించారు. కొన్ని పాతవి కోసినవి. వాటిలో గాడి దాదాపు మొన దాకా వస్తుంది. కొత్తగా పొట్టిగా చేసిన వాటిలో చాలావాటికి గాడే ఉండదు. గాడి రక్తం కారడానికని సినిమాలు చూసినవాళ్లు చెబుతారు. బిగువు తగ్గకుండా బరువు తగ్గించడానికే అది.

ఇక ధర. లక్షల సంఖ్యలో చేసిన వస్తువు కనుక మేడ కట్టుకునేంత రాదు. మన పొట్టివి ఇంకా చవక. మొదట్లో అడ్డుపట్టీకి కిందివైపు కొక్కెం ఉండేది. 1913లో తీసేశారు, ఉన్నవాటికీ చాలావరకు కోసేశారు. అందుకే కొక్కెం మిగిలిన దానికి ఎన్నో రెట్లు ధర. అందుకే దొంగ కొక్కేలు అతికించేవాళ్లూ ఉన్నారు, అతుకు చూసుకోండి. ఒర ఉందా, పిడి చెక్కలు అసలువేనా అన్నది తర్వాతి లెక్క. అమ్మేవాడు అడిగే ధర కాదు, వేలంలో నిజంగా పలికిన ధర చూడాలి.

ఒక ఫొటోలో బాయ్‌నెట్ అద్దంలా మెరుస్తోంది. ఏటా దసరాకి చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమారట. ఒక్క అక్షరం మిగల్లేదు! పూజ చేసుకోండి, బొట్టు పెట్టండి, తోమకండి. మెత్తని గుడ్డతో కాస్త మిషన్ నూనె రాస్తే చాలు. తోలు ఒర చెమ్మ పీలుస్తుంది, విడిగా దాచండి.

మన బ్యాచ్ మిత్రుడొకడి ఇంట్లో, తాతగారు మద్రాసు శాపర్స్‌లో చేరి మొదటి యుద్ధంలో మెసపొటేమియా నుంచి తెచ్చారని మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. ఫొటో చూస్తే ఆర్.ఎఫ్.ఐ., 12 అంగుళాలు, 1943. అదే చెప్పాను. ఫోన్లో చాలాసేపు మాట లేదు. "ఇంట్లో ఇంకెవరైనా పట్టాళానికి వెళ్లారా?" అనడిగాను. తాతగారి ఆఖరి తమ్ముడున్నాడట. బర్మా యుద్ధం నుంచి వచ్చి ఎక్కువకాలం బతకలేదు, పెళ్లి కాలేదు. ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదు. పెట్టె అడుగున వెతికితే ఆయన డిశ్చార్జి కాగితం దొరికింది, నంబరుతో సహా. బాయ్‌నెట్ ఆయనదేనని దాంతో రుజువు కాదు, కాలం మాత్రం సరిపోయింది. మావాడు ఇప్పుడు ధర అడగడం లేదు, చిన్నతాతగారి సర్వీసు వివరాల కోసం సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాడు. మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితాలుంటే బాయ్‌నెట్‌తో పాటే ఉంచండి. కొనేవాడు కథకు డబ్బివ్వడు, కాగితానికి ఇస్తాడు.

ఆయుధాల నిబంధనల్లో బాయ్‌నెట్ పేరు స్పష్టంగా ఉంది. అమ్మేముందు పోలీసు స్టేషన్‌లోనో కలెక్టరాఫీసులోనో అడిగి తెలుసుకోండి. అమెరికా నుంచి వచ్చిన మిత్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను: చారిత్రక ప్రాధాన్యం ఉండి నూరేళ్లు దాటిన వస్తువును 1972 పురావస్తు చట్టం ప్రకారం మనంతట మనం దేశం దాటించకూడదు. సూట్‌కేసులో పెట్టుకోవద్దు.

ఫొటో పంపేవాళ్లు ఫ్లాష్ వేయకుండా, పక్క వెలుతురులో, పిడి దగ్గర రెండువైపులా తీయండి. పక్కన స్కేలు పెట్టండి. భోజనాలకు పిలుస్తున్నారు, సెలవు.