కప్పు ఎత్తని కెప్టెన్

మడికొండ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మా ఇంట్లోనే పుట్టింది.

మా చెల్లె కబడ్డీ ఆడుతుంది. వాళ్ల జట్టుకు కెప్టెన్ కూడా. పోయిన నెల ఫైనల్లో ఆఖరి రైడ్‌కు తనే వెళ్లి దొరికిపోయింది. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ఇంటికొచ్చి బూట్లు అటక మీద పడేసింది. నానమ్మేమో, "కప్పు రాలేదు గదా బిడ్డా, ఇగ ఆటెందుకు? సదువుకో" అన్నది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. అప్పుడు మిథాలీ రాజ్ గుర్తొచ్చింది.

మిథాలీ పెరిగింది సికింద్రాబాద్‌లో. 1999లో పదహారేళ్లకే ఐర్లాండ్ మీద తొలి వన్డే ఆడి 114 నాటౌట్. 2002లో ఇంగ్లండ్ మీద టెస్టులో 214. మొత్తం 232 వన్డేల్లో 7,805 పరుగులు. ఇవన్నీ మీ ఫోన్లో దొరుకుతాయి. నేను చెప్పేది ఆమె ఓడిపోయిన రెండు మ్యాచ్‌ల గురించి.

మొదటిది 2005 ప్రపంచకప్ ఫైనల్, దక్షిణాఫ్రికాలో. కెప్టెన్ మిథాలీకి 22 ఏళ్లు. ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగుల తేడాతో ఓడారు. ఆ టోర్నీలో మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు ముట్టాయని తర్వాత ఆమే చెప్పింది. ఆ రోజుల్లో మ్యాచ్‌లకు పోవాలంటే జనరల్ బోగీలే. కాజీపేటలో పండగ పూట జనరల్ ఎక్కినోళ్లకు అదెట్లుంటదో తెలుసు. దానికి తోడు కిట్ బ్యాగులు!

రెండోది 2017 ఫైనల్, లార్డ్స్‌లో. మళ్లీ మిథాలీయే కెప్టెన్. 229 కొట్టాలి. 191కి మూడే వికెట్లు పడ్డాయి. ఇగ గెలిచినట్టే అనుకున్నాం. అక్కడి నుంచి 28 పరుగుల్లో ఏడు వికెట్లు పోయాయి. తొమ్మిది పరుగులతో ఓటమి. ఆ రోజు మిథాలీ 17 దగ్గర రనౌట్. మా చెల్లె ఆఖరి రైడ్ లాంటిదే అనుకోండి. కాకపోతే దీన్ని ప్రపంచమంతా చూసింది.

ఆ తర్వాత కూడా ఆమె ఐదేళ్లు ఆడింది. 2022 జూన్‌లో రిటైరైంది. సరిగ్గా అదే ఏడాది అక్టోబర్‌లో, మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లకూ వన్డేకు ఆరు లక్షల మ్యాచ్ ఫీజు అని బీసీసీఐ ప్రకటించింది. వెయ్యి నుంచి ఆరు లక్షలు! అందులో ఒక్క రూపాయి కూడా మిథాలీకి అందలేదు.

2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. గెలిచాక ఆ కప్పును తీసుకొచ్చి మిథాలీ చేతుల్లో పెట్టారు. ఎందుకంటే, దారి వేసిందెవరో వాళ్లకు తెలుసు.

ఓడినా ఏం కాదని నేను అనను. ఓడితే బాధే. రెండు ఫైనళ్లు ఓడడం చిన్న బాధ కాదు. కానీ కెప్టెన్ పని కప్పుతో అయిపోదు. వెనకొచ్చే పిల్లలకు మైదానం మిగిల్చిపోవడం కూడా కెప్టెన్ పనే.

ఇదంతా చెల్లెకు చెప్పిన. ఏం మాట్లాడలేదు. రాత్రి మాత్రం, "అక్కా, పొద్దున ఐదింటికి లేపుతవా?" అని అడిగింది. బూట్లు నానమ్మే దింపి పెట్టింది.

ఉంటా మరి. వచ్చే వారం కలుద్దాం.