తనంతట నల్లబడు వెల్డింగు ముసుగు



నేడు మన గ్రామములలో ట్రాక్టరు తొట్లను, ఇనుప తలుపులను అతుకు యువకులలో కొందఱు ధరించు ముసుగునకు, నిప్పు మెఱసినంతనే తనంతట తానే నల్లబడు అద్దముండును. దాని పొరల నడుమ ద్రవస్ఫటికమను పదార్థము కలదు. ముందరనున్న చిన్న వెలుగుకండ్లు కాంతిని కనిపెట్టగనే దానికి విద్యుత్తు సోకును. సెకనులో వేయవవంతైనను గడువకమునుపే చీకటి కమ్మును.

అట్లు కమ్మనిచో దోషము తఱచుగ స్వల్పమే. వెలుగుకండ్లపై పేరిన మసిని మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. రవ్వలు పడి మచ్చలైన పై పలుచని ఫలకమును మార్చవలెను. పిమ్మట బిళ్ళ బ్యాటరీని, ధన ఋణ ముఖములు తాఱుమాఱు కాకుండ, మార్చవలెను. బ్యాటరీ లోపలనే మూసియున్న రకమును పెకలింపబోయినచో అద్దమే పగులవచ్చును.

నిప్పు ముట్టించి పరీక్షించు సాహసము కూడదు. టెలివిజను రిమోటును ఆ కండ్లకెదుట నొక్కుడు. పెక్కు ముసుగులు అంతమాత్రముననే నల్లబడును.

మంచి అద్దము నల్లబడకున్నను అతినీలలోహిత కిరణముల నాపును గాని, కన్ను చెదరు వెలుగు నాపజాలదు. పగిలినదానికి ఆ భరోసాయు లేదు. ఇసుక పోసినట్టి కంటిబాధ కొన్ని గంటల పిదప మొదలగును. దానిని జిగురుతో నతుకవలదు. క్రొత్తది వచ్చువఱకు పాత నల్లద్దపు ముసుగే శ్రేయము. దానికి బ్యాటరీతో పనియే లేదు.