కథ నడపు నేర్పు
(రజతోత్సవ సభా ప్రసంగ పాఠము)



చిత్తూరు సీమలో ద్రౌపదీదేవి గుడుల చెంత భారతోత్సవములు జరుగుట పాకాల ప్రాంతమువారికి క్రొత్త సంగతి కాదు. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. అర్జునుడు తపస్సుమాను ఎక్కును. భీముడు మట్టి దుర్యోధనుని తొడ విరుగగొట్టును. ఆ కథ ముగింపు అందరికిని తెలిసినదే.

ముగింపు ఎవరికిని తెలియని కథాక్రీడ యొకటి కలదు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుందురు. తలకొక పాత్ర. వేషము లేదు, రంగస్థలము లేదు, మాటయే సాధనము. ఒకడు నిర్వాహకుడు. అడవిని, కోటను, శత్రువును అతడు వర్ణించి, “ఇప్పుడేమి చేయుదురు?” అని అడుగును. ఫలితము సందేహమైనచోట ఇరువది ముఖముల పాచిక తేల్చును.

నిర్వాహకునికి మొదటి ధర్మము, తాను ముందే అల్లుకొన్న కథపై మమకారము విడుచుట. కోటవాకిట యుద్ధము సిద్ధపరచియుండగా, ఆటగాడు కావలివానితో సంధిమాటలాడినచో దానిని త్రోసిపుచ్చరాదు. ఆ సంధికి ఫలమేమో ఆలోచింపవలెను. ఎన్నుకొన్న దారి ఏమియు మార్చనిచో ఆట వట్టి ఉపన్యాసమగును. రెండవది, ఊరకున్నవానిని పేరుపెట్టి పిలిచి వంతు ఇచ్చుట. మూడవది, పాచిక ఓటమి చూపినను కథను ఆగనీయక, ఆ ఓటమినుండి క్రొత్త చిక్కును పుట్టించుట.

గ్రంథాలయమున ఇందుకొక బల్ల, ఒక సాయంకాలము చాలును. పాండవుల అరణ్యవాసము చదివిన బాలుడు, “నీవైనచో ఏమి చేయుదువు?” అను ప్రశ్నకు బదులు చెప్పుటకై మరల పుస్తకము తెరచును. కావున గ్రంథాలయ కార్యకర్తలు ఈ పనికి పూనుకొందురు గాక!